లోసేలి అక్క పిలిస్తే వచ్చిన పంది

నేను ఎవరినీ ఓ పట్టాన నమ్మను. గొప్పకి చెప్పడం లేదు, నా బుద్ధే అంత. నడిసముద్రంలోని మా హాపై దీవుల్లో గాలి ఎటు వీస్తే అటు మాట మారుతుంది. లోసేలి అక్క ఒక్కదాన్నే కళ్ళు మూసుకుని నమ్మేదాన్ని. ఆమె మా పెదనాన్న కూతురు. ఎవరి ముత్తాత ఏ పడవలో వచ్చి దిగాడో, ఏ పెళ్ళికి ఏ చాప నేశారో తేల్చాలంటే ఊరంతా ఆమె గడప తొక్కాల్సిందే.

ఆమెకున్న భయం ఒకటే. వాళ్ళమ్మ చివరి రోజుల్లో కన్న కూతుళ్ళనే పోల్చుకోలేకపోయింది. "నేనూ అమ్మలా అయిపోతానేమోనే పేసీ" అని నాతో అంటూ ఉండేది. అందుకే కత్తి కనబడకపోతే ఎక్కడో పెట్టి మరిచానని ఒప్పుకునేది కాదు, ఎవరో ఎత్తుకుపోయారనేది. నేను అవునక్కా అనేదాన్ని. దొంగని వెతకడం నాకు బాగా వచ్చిన పని.

ఒకరోజు ఆటుకి సముద్రం వెనక్కి వెళ్ళి, ఊరి పందులన్నీ బురదలో గుల్లలు ఏరుకుంటుండగా, అక్క ఒడ్డున ఆగిపోయింది. చిరిగిన చెవి, ఎర్రమచ్చలు ఉన్న ఆడపందిని చూపించి, అది తనదేననీ, లాతు పందుల్లో ఎందుకుందనీ అడిగింది.

లాతు పక్కింటి మనిషి. నలభై ఏళ్ళుంటాయి, పెళ్ళి చేసుకోలేదు, చాపలు నేసుకుని బతుకుతుంది. వెళ్ళి నిలదీశాం. ఆమె తలవంచుకుని చాపకి ఆకు చీరుకుంటూ కూర్చుంది తప్ప నోరు మెదపలేదు. తప్పు చెయ్యని మనిషి ఎదురు తిరగదా? అప్పుడే నా అనుమానం గట్టిపడింది.

ఆ సాయంత్రానికే నాకు గుర్తొచ్చింది. లాతు ఆ పందిని లాక్కుపోతుండగా నేను చూశాను. మొదట ఒకరితో చెప్పినప్పుడు లీలగా ఉంది. రెండోసారికి ఆమె చేతిలో తాడు కనబడింది. మూడోసారికి నల్లబట్టలు కూడా కనబడ్డాయి. మసకచీకట్లో ఎవరి కంటా పడకుండా నలుపు కట్టుకుంది కాబోలని నేనే విడమరిచి చెప్పాను. చెప్పినకొద్దీ ఆ బొమ్మ తేటపడింది. బైబిలు మీద ప్రమాణం చెయ్యమన్నా చేసేదాన్ని.

గొడవ ఊరి అధికారి దాకా పోయింది. మా దగ్గర ప్రతి ఇంటికీ పందుల్ని పిలిచే పిలుపు ఒకటుంటుంది. అక్కది రెండు కొబ్బరిచిప్పలు మూడుసార్లు కొట్టి, సాగదీసి ఒక కూత. లాతుది రేకుడబ్బా చప్పుడు. పందిని బురదలో వదిలి ఇద్దరినీ పిలవమన్నాడు అధికారి. ఎవరి దగ్గరికి పోతే వాళ్ళది.

ఒడ్డుకి నడుస్తూ అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "అది నా దగ్గరికి రాకపోతే నా బుర్ర అయిపోయినట్టేనే" అంది. 

లాతు డబ్బా కొట్టీ కొట్టనట్టు కొట్టింది. అదీ నాకు నచ్చలేదు. పంది నాలుగడుగులు వేసి నిలబడింది. అక్క చిప్పలు మోగించింది. ఆ పంది తలెత్తి, బురద చిమ్ముకుంటూ పరుగెత్తుకొచ్చి, ఆమె మోకాళ్ళకి తల రుద్దింది. అక్క అక్కడే కూలబడి, నవ్వుతూ ఏడుస్తూ దాని చెవి నిమిరింది. నా బుర్ర బాగానే ఉంది, చూశారా, చూశారా అని అందరినీ అడిగింది.

లాతు ఇంటికెళ్ళిపోయింది. ఆ ఆదివారం చర్చిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. నాకు తృప్తిగానే ఉంది, దాచడమెందుకు.

పెద్ద దీవిలో చర్చి సభలకి వెళ్ళిన ఫిలిమోనె తాత ఆ వారంలోనే తిరిగొచ్చాడు. చావింట్లో ఎవరేం తెచ్చారో నలుగురికీ వినబడేలా పిలిచి చెప్పడం ఆయన పని. సంగతి తెలిసి నేరుగా అక్క వాకిట్లోకి వచ్చాడు. అక్క కొబ్బరి కోరుతోంది, నేను పక్కన కూర్చున్నాను.

"ఆ పందిని లాతుకి నువ్వే ఇచ్చావు లోసేలీ. రెండేళ్ళయింది. నా నోటితో నేనే పిలిచి చెప్పాను" అన్నాడు.

పిలిస్తే నా దగ్గరికే వచ్చిందిగా అంది అక్క.

"పందికి తెలిసేది కొబ్బరి పెట్టిన చెయ్యి. ఎవరు ఎవరికిచ్చారో దానికేం పట్టింది?" నావైపు తిరిగాడు. "వెనకనించి కొబ్బరిమట్టతో తోలింది నువ్వే కదే పేసీ. ముందు లాతు తాడు పట్టుకుని నడిచింది, నల్లటి చావుబట్టలతో."

నల్లబట్టలు. తాడు. నేను చూసింది నిజమే. ఆ బొమ్మలోంచి నన్ను నేను తీసేసి, దొంగతనాన్ని తెచ్చి అతికించుకున్నాను. అక్కది మతిమరుపు. నాది అంతకన్నా పాడు జబ్బు.

మరి లాతు ఎందుకు చెప్పలేదని అడగక్కర్లేదు. ఇచ్చిన చేతికి 'నువ్వే ఇచ్చావు' అని గుర్తుచెయ్యడం మా ఇళ్ళల్లో సిగ్గుమాలిన పని. దొంగ అనిపించుకోవడానికైనా ఒప్పుకుంది గానీ ఆ మాట అనలేదు. ఊళ్ళో ఆ సంగతి గుర్తున్న ఒకరిద్దరు కూడా పంది పరుగు చూసి, తమనే అనుమానించుకున్నారట.

అక్క కోరు పక్కన పెట్టి లేచింది. పందికి తాడు కట్టి లాతు ఇంటికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. లాతు గుమ్మంలో చాప నేస్తోంది. అక్క తాడు ఆమె ఒళ్ళో పెట్టింది.

"నేనిచ్చానటగా. నీ నోటితో చెప్పవే. నువ్వూ చెప్పకపోతే ఇక నాకెవరు చెప్తారు?"

లాతు నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"ఇచ్చావు పెద్దమ్మా" అంది. "అమ్మ పోయినప్పుడు. తాడు నువ్వే నా చేతికి చుట్టావు."

అక్క ఆమె మొహంలోకి చూసింది. లాతు వాళ్ళమ్మా మా అక్కా ఒకేచోట కూర్చుని నలభై ఏళ్ళు చాపలు నేశారు.

"మీ అమ్మ పోయిందా?" అంది.

లాతు చాప పక్కకి జరిపి, అక్కని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది. అమ్మకి ఎప్పుడు జ్వరం తగిలిందో, చివరికి ఏం అడిగి తిన్నదో, మొదటినుంచీ మెల్లగా చెప్పింది. వింటూ వింటూ అక్క ముడి విప్పుకుని జుట్టు వదిలేసింది, చావింట్లో మా ఆడవాళ్ళు చేసినట్టు. కాసేపటికి లాతు కూడా తన ముడి విప్పుకుంది.