ఉనైజాకు పోవలసిన శుక్రవారం

మా ప్లాంటులో ఒక్క బోల్టు వదులు చేయాలన్నా ముగ్గురి సంతకాలు పడాలి. ఏ పైపు, ఏ ఫ్లాంజి, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, విప్పేదెవరు, పక్కన నిలబడి చూసేదెవరు, అన్నీ పర్మిట్ కాగితం మీద ఉండాలి. జుబైల్‌లో పదకొండేళ్లు నా ఉద్యోగం అదే, ఆ కాగితం చేతిలో పట్టుకుని మనుషుల చేత పని చేయించడం. కాగితంలో లేని బోల్టు మీద స్పానర్ పెట్టాడని ఒక ఫిట్టర్‌ను అందరి ముందూ నిలబెట్టి కడిగేశాను కూడా. అలాంటివాణ్ణి, నా సొంత కారును మాత్రం ఉత్త నోటిమాట మీద అప్పజెప్పి వచ్చాను. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

అప్పుడు సౌదీ సర్కారు మాలాంటి పరదేశీల కుటుంబాల మీద లెవీ అని పన్ను పెట్టింది. భార్యకింత, బిడ్డకింత అని, ఏడాదిది మొత్తం ఇకామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు, రెన్యువల్ నాడే ముందుగా కట్టాలి. దానికి తోడు సౌదీవాళ్లను చాలినంతమందిని పెట్టుకోలేదని మా కంపెనీ నితాఖత్ అనే సర్కారు లెక్కలో ఆకుపచ్చ నుంచి పసుపు రంగులోకి జారింది. అందరి ఇకామాలనూ ఆఖరి వారం దాకా సాగదీస్తున్నారు. నావల్ల కాదని తేలిపోయింది. మా ఆవిడనూ పాపనూ ఇంటికి పంపేయాలని అనుకున్నాం. ఆదివారానికి టికెట్లు తీశాను. మా క్యాంపు చుట్టుపక్కల ఆ నెలలో రోజుకొక ఇల్లు ఖాళీ అవుతోంది. ఎవరూ ఏడవడం లేదు. అట్టపెట్టెలకు టేపు వేసుకుంటున్నారు, అంతే.

మా ఆవిడ ఒక్కటే అడిగింది. వాళ్ల అక్క ఉనైజాలో ఒక ఇంట్లో పని చేస్తుంది. నాలుగేళ్లుగా అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఈ దేశంలోనే ఉన్నారు, ఒక్కసారి కూడా కలవలేదు. పాప చంకబిడ్డగా ఉన్నప్పుడు ఆమె చూసిందే. "పోయే ముందు ఒక్కసారి అక్కను చూపియ్యబ్బా, ఇంగేమీ అడగను" అంది. అక్కడి మేడమ్‌ను వదిన నెల రోజులు బతిమాలితే, ఆ శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు నుంచి సాయంత్రం అసర్ నమాజు దాకా బయటికి రానిస్తానని ఒప్పుకుంది. ఆ ఒక్క శుక్రవారమే. జుబైల్ నుంచి ఉనైజాకు దాదాపు రాత్రంతా ప్రయాణం, గురువారం సాయంత్రం బయల్దేరితే సరిపోతుందని లెక్క వేసుకున్నాను.

నా కారు పాతదే కానీ మొండిది. రేడియేటర్‌కు పోయే రబ్బరు పైపు ఒకటి చిట్లి నీళ్లు కారుతోంది, అంతకు మించి రోగం లేదు. అంత దూరం పోతున్నాం కదా అని సోమవారం సనయ్యాకు, అంటే గ్యారేజీలన్నీ ఉండే పేటకు, తీసుకుపోయాను. మూడో షెడ్డు నడిపే మెకానిక్ ఒకాయన నా ఫోన్ మాటలు విని, "యా ఊరబ్బా మీది?" అన్నాడు. రాయచోటి పక్కన అన్నాను. ఆయనదీ ఆ పక్కే. టీ తెప్పించాడు. రెండు గుక్కలు తాగేలోగా మా మేనమామ వాళ్ల ఊళ్లో ఆయనకు చుట్టరికం తేలింది. నేను అన్నా అన్నాను, ఆయన తమ్ముడూ అన్నాడు. పైపు మారిస్తే చాలన్నా అని చెప్పి తాళం, బండి కాగితం ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను. ఏం చేస్తాడో రాసిమ్మని అడగనేలేదు. పక్క షెడ్డులో పఠాన్‌నైతే అడిగేవాణ్ణి. మనవాణ్ణి పట్టుకుని కాగితం రాసివ్వు అంటే మొహాన ఉమ్మినట్టే అనుకుంటాం మనం.

మంగళవారం ఫోన్ చేస్తే రేపు అన్నాడు. బుధవారం చేస్తే, "పైపు దమ్మాం నుంచి రావాల తమ్ముడూ, రేపు పొద్దున్నే నీ ఇంటి ముందర పెడ్తా" అన్నాడు. నమ్మాను. మా ఆవిడ ఓళిగలు చేసి డబ్బాలో సర్దింది, అక్కకని ఒక నేత చీర మడిచి పెట్టింది. పాపకు కొత్త గౌను తొడిగి చూసి మళ్లీ విప్పి దాచింది.

గురువారం మధ్యాహ్నం నేనే పోయాను. బానెట్ తెరిచి ఉంది. ఇంజను తల లేదు. హెడ్ మొత్తం ఊడదీసి ఎక్కడికో పంపేశారు, నాలుగు సిలిండర్లూ నోళ్లు తెరుచుకుని పైకి చూస్తున్నాయి.

"ఏందన్నా ఇది?"

"నీ మంచికే తమ్ముడూ. పైపు విప్పితే గాస్కెట్ కాలిపోయి కనపడినాది. అట్లే పోయింటే ఎడారిలో నిలబడిపోయేవానివి. హెడ్డును లేత్ షాపుకు పంపిచ్చినా. శనివారానికి వస్తాది."

"నన్ను అడగకుండా ఎట్ల విప్పితివి?"

"తమ్మునికి ఫోన్ చేసి అడగాల్నా నేను? ఇదో చూడు, నీ గాస్కెటే" అని ఒక అట్టపెట్టెలోంచి నల్లగా కాలిన రేకు తీసి చూపించాడు.

చేతిలోకి తీసుకున్నాను. గాస్కెట్లతోనే బతికేవాణ్ణి నేను. హెడ్డు కింద వేసే ఆ రేకుకు సిలిండరుకొక పెద్ద రంధ్రం ఉండాలి, దీనికి మూడే ఉన్నాయి. నా కారుకు నాలుగు సిలిండర్లు. ఇంకెవరి బండిదో, ఎన్నేళ్లుగానో ఆ పెట్టెలో దాచుకుని వచ్చినవాళ్లందరికీ అదే చూపిస్తున్నాడన్నమాట.

"లెక్కపెట్టన్నా" అన్నాను. "ఒకటి, రెండు, మూడు. నాలుగోది ఏడుండాది? నా చెవిలో పువ్వేమన్నా కనపడుతుండాదా నీకు?"

పని కుర్రాళ్లు మార్చి పెట్టారేమో అన్నాడు, అసలుది బయట పారేశారేమో అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినట్టు తిట్టాను. రాయచోటిలో తిట్టే తిట్లన్నీ తిట్టాను, వాటిలో ఒక్కటీ ఆయనకు అర్థం కానిది లేదు. చివరికి మక్తబ్ అమల్‌కు, ఆ కార్మికుల కచేరీకి, పోయి చెప్తానన్నాను. ఆయన ఇకామా ఈ గ్యారేజీది కాదని, వేరే కఫీల్ కింద, అంటే వేరే యజమాని పేరు మీద, పొలం పనివాడిగా ఉందని టీ తాగేటప్పుడు తనే చెప్పాడు. ఒక్క మాట చాలు, పట్టుకుపోయి విమానం ఎక్కించేస్తారు.

ఆయన ఒక స్టూలు మీద కూర్చున్నాడు. గట్టిగా కూడా మాట్లాడలేదు.

"చెప్పుకో. నన్ను పంపిచ్చేస్తారు. షెడ్డుకు తాళమేస్తారు. నీ కారు ఆ షెడ్డు లోపల్నే ఉంటాది, నెలో రెండు నెల్లో. నువ్వు పైపే మార్చమన్నెట్టు కాగితం యాడుండాది? తమ్ముడూ, నేనూ లెవీ కట్టల్ల. ఏం చెయ్యమంటావు చెప్పు."

ఇంక తిట్టడానికి ఓపిక లేదు. అక్కడి నుంచి అద్దె కార్ల ఆఫీసుకు పోయాను. ఇకామా గడువు ఇరవై రోజులే ఉందని, కంపెనీ కొత్తది తెచ్చాక రమ్మన్నారు. బస్సు అడిగితే రియాద్‌లో మారాలి, ఉనైజా చేరేసరికి శుక్రవారం రాత్రవుతుంది. కారు ఉన్న ఇద్దరు స్నేహితులను అడిగాను. ఇద్దరివీ కంపెనీ బళ్లు, ఊరు దాటితే వాళ్ల ఉద్యోగం పోతుంది. ఇద్దరూ చాలా బాధపడ్డారు.

ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను. గొడవ పడుతుందనుకున్నాను. పడితే బాగుండేది. డబ్బా వైపు చూసి, "అక్కకు ఎట్ల చెప్పాల?" అంది. వదిన ఫోన్ మేడమ్ దగ్గర ఉంటుంది, శుక్రవారం జుమా అయ్యాకే చేతికిస్తారు. అంటే మేము రావడం లేదని ఆమెకు ముందుగా తెలియజేసే దారి లేదు.

మరునాడు ఆ వేళకు ఫోన్ చేశాం. ఆమె అప్పటికే తలస్నానం చేసి, గేటు లోపలివైపు మెట్టు మీద కూర్చుని ఉందట. మా ఆవిడ చెప్పలేక నాకిచ్చింది. నేను గాస్కెట్ అని, హెడ్ అని ఏదేదో చెప్పాను. ఆమెకు అవన్నీ ఎందుకు? "ఏం కాదులే మరిదీ, బండి కదా" అంది. పాపతో మాట్లాడింది. పాపకు కొత్తావిడ కదా, రెండు మాటలకే ఫోన్ నాకిచ్చి ఆడుకోవడానికి పోయింది. ఆదివారం కంపెనీ వ్యానులో దమ్మాం పోయి ఇద్దరినీ విమానం ఎక్కించాను. ఓళిగలు పాడవుతాయని మా ఆవిడ ముందు రోజే పక్కింటివాళ్లకు పంచేసింది. చీర మాత్రం నా దగ్గర వదిలి పోయింది.

ఆ తర్వాత చాలా రోజులు నాకు ఏమీ అనిపించలేదు. ప్లాంటుకు పోయేవాణ్ణి, పర్మిట్లు చూసేవాణ్ణి, వచ్చి అన్నం తిని పడుకునేవాణ్ణి. పాప ఫోన్‌లో నాన్నా అన్నా ఊ అనేవాణ్ణి. నాలో ఏదో చచ్చిపోయిందేమోనని ఒకరోజు భయమేసింది, ఆ భయం కూడా కాసేపే. గ్యారేజీ ఆయన శనివారం ఇవ్వలేదు, ఆ పై శనివారం ఇచ్చాడు. అడిగింది ఇచ్చి తాళం తీసుకున్నాను. ఫిర్యాదు చేయలేదు. ఆయన మీద జాలితో కాదు. చేసినా ఆ శుక్రవారం తిరిగి రాదు, అందుకు.

గడువు ఆఖరి వారంలో నా ఒక్కడి ఇకామా రెన్యువల్ అయింది. నెల తిరిగాక చీర తీసుకుని ఒక్కణ్ణే ఉనైజా పోయాను. మేడమ్ పావుగంట ఇచ్చింది, గేటు దాటకూడదంది. కారు గేటుకు ఆనించి పెట్టాను, ఇంటి డ్రైవరు గేటు తలుపు తీసి పట్టుకున్నాడు. వదిన నల్ల అబాయాలో గేటు దాకా వచ్చింది. నేను అనుకున్నదానికన్నా చాలా సన్నబడింది. చీర చేతికిచ్చాను. తీసుకుంది, విప్పి చూడలేదు. బాగున్నావా అంటే బాగున్నా అంది. వాళ్లు ఇల్లు చేరారని, పాపను బడిలో వేశామని చెప్పాను. అవన్నీ ఆమెకు తెలుసు, ప్రతి శుక్రవారం చెల్లెలు చెబుతూనే ఉంది.

నేను ఇంకా మాట్లాడుతుండగానే ఆమె గేటులోంచి ఒక అడుగు బయటికి వేసి, కారు వెనక తలుపు తీసింది. వంగి లోపల సీటు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. మెల్లగా తలుపు వేసింది.

"తెలుసులే మరిదీ, వాళ్లు లేరని" అంది. "ఊరికే చూసినా."