చక్రాలు తుడిచిన గడప

"చక్రాలు తుడిసినవా?" అన్నాడు ఆయన.

"తుడిసిన. లోపలికి తీస్కరా" అన్నాను నేను.

మా మొగుడూ పెళ్ళాల మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. సర్కారు దవాఖానలో, కిటికీ పక్క మంచం మీద, పొద్దున పూట. ఆ తర్వాత ఆయన కళ్ళు మూసుకున్నాడు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

ఇది రాస్తున్నది నా చెల్లెలి బిడ్డ. నాకు సంతకం వరకే వచ్చు. అది ఇప్పుడే కలం ఆపి, "గంతేనా పెద్దమ్మా? ఇంకేం అనలేదా?" అని అడుగుతోంది. ఇంకేం అనలేదు. ఇంటి గురించి అనలేదు, నా గురించి అనలేదు, దేవుడి పేరైనా తలచలేదు. సైకిల్ చక్రాల గురించే అడిగాడు. నువ్వు అదే రాయి బిడ్డా, మంచిగా చేసి రాయకు. ఆ మాట ఎక్కడిదో తెలియాలంటే ముందు ఆయన కాలి సంగతి చెప్పాలి.

ఆయన మా మేనత్త కొడుకే కాబట్టి నాకు పెళ్ళికి ముందు నుంచీ తెలుసు. ఆయనకు ఐదారేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. చేతిలో ఏ ఆధారమూ లేకుండా నడవాలంటే అడుగడుక్కీ వంగి, ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టి నొక్కాలి. నొక్కకపోతే మోకాలు మడుచుకుపోయి పడిపోయేవాడు. చిన్నప్పుడు కోహీర్ పక్కన మా ఊళ్ళో పిల్లలు ఆయన వెనకే అట్లా వంగుతూ లేస్తూ నడిచి నవ్వేవాళ్ళు. వాళ్ళలో నేను కూడా ఉన్నాను, దాచడం ఎందుకు. ఆ నడక నలుగురి ముందు నడవడమంటే ఆయనకు చావు. కర్ర పట్టుకోరాదా అంటే, కర్ర ముసలివాళ్ళది అనేవాడు.

సైకిల్ పట్టుకుంటే మాత్రం వేరే మనిషి. ఎడమ చేత్తో హ్యాండిల్, కుడి చేత్తో సీటు పట్టుకుని, బరువంతా దాని మీద వేసి, నిటారుగా నడిచేవాడు. చూసేవాళ్ళకు సైకిల్ తోసుకుంటూ పోయే మామూలు మనిషిలాగే కనిపించేవాడు. తొక్కేటప్పుడు కుడి కాలే పని చేసేది, ఎడమది ఊరికే దానికి తోడు తిరిగేది.

అందుకని సైకిల్ ఆయనతో పాటు లోపలికి రావలసిందే. జహీరాబాదులో ఏ దుకాణమైనా సరే, బయట స్టాండు వేసి లోపలికి పోవడం ఆయనకు లేదు. కటింగ్ షాపులో సైకిల్‌ను కుర్చీ పక్కన నిలబెట్టి, దాని మీద చెయ్యి వేసుకునే గడ్డం గీయించుకునేవాడు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్ భాయ్ అయితే ఆయన కోసమే ఒక బల్ల గోడకు జరిపాడు. "క్యా భాయ్, నీ సైకిల్‌కు గూడ ఒక చాయ్ పొయ్యాల్నా?" అని రోజూ ఎగతాళి చేసేవాడు. "అది పాలు తాగదు భాయ్, నూనె తాగుతది. ఉంటె పొయ్యి" అనేవాడు ఈయన. కంట్రోల్ దుకాణంలో చక్కెర వరుసలో కూడా సైకిల్‌తోనే నిలబడేవాడు. వరుసలో మనుషులు నిలబడాలి గానీ బండ్లు కాదని ఒకామె వెనక నుంచి గొణిగితే, "ఇది నాకంటె ముందుగాల్ల వచ్చిందమ్మా" అన్నాడట. టాకీసులోకి మాత్రం రానియ్యరు. అందుకే మేం టాకీసులో సినిమా చూడలేదు. దానికి నాకు ఏ బాధా లేదు. బొమ్మలు చూడకపోతే ఏం పోయింది.

మేమిద్దరం గంజిలో, అంటే ధాన్యం బజారులో, ఒకే దుకాణంలో పని చేసేవాళ్ళం. ఝరాసంగం, న్యాల్‌కల్ వైపు నుంచి బండ్ల మీద వచ్చిన కందులు, పెసర్లు, జొన్నలు అక్కడ కుప్ప పోసేవాళ్ళు. నేను చాటతో చెరిగేదాన్ని. ఈ గొంతు ఇట్లా బొంగురు పోయింది ఆ దుమ్ముతోనే. హమాలీలు కాంటా పెట్టి బస్తాలు నింపేవాళ్ళు. నింపిన బస్తాకు దబ్బనంతో, సుతిలి తాడుతో మూతి కుట్టేది ఆయన. కూర్చుని చేసే పని కాబట్టి కాలికి బాధ లేదు. సైకిల్ స్టాండు వేసి, నిండిన బస్తాను దానికి ఆనించేవాడు, బస్తా ఒరగకుండా. సుతిలి ఉండ హ్యాండిల్‌కు వేలాడేది. దబ్బనం సీటు తోలులో గుచ్చి పెట్టేవాడు. ఆయన కుట్టిన మూతి లారీలో నుంచి ఎత్తేసినా విప్పుకునేది కాదు.

దుకాణం పెద్ద సేటు ఆ సైకిల్ గురించి ఒక్కనాడూ మాట అనలేదు. పైగా తన గొడుగు కూడా దానికే తగిలించేవాడు. పంతొమ్మిది వందల డెబ్బైలు అయిపోవస్తుండగా పెద్ద సేటుకు కళ్ళు సరిగా కనిపించక ఇంట్లో కూర్చున్నాడు, కొడుకు దుకాణానికి వచ్చాడు. చదువుకున్నవాడు, చెడ్డవాడు కాదు. మాతో మర్యాదగానే ఉండేవాడు. కాకపోతే శుభ్రం పిచ్చి. అలికిన నేల తీసేసి దుకాణమంతా షాబాదు బండలు పరిపించాడు. బండలు నున్నగా, నీళ్ళు పోస్తే మొహం కనిపించేటట్టు ఉండేవి. మేం ఆడవాళ్ళం కూడా సంతోషించాం. చెరిగిన గింజ ఊడ్చుకోవడానికి సులువు.

వానాకాలం వచ్చింది. మా దిక్కు మట్టి ఎర్రమట్టి, పట్టుకుంటే వదలదు. ఒకరోజు ఆయన సైకిల్ తోసుకుని లోపలికి వచ్చాడు. గడప నుంచి వెనక గోడ దాకా బండల మీద ఎర్రటి గీత పడింది. గీత ఆరబోసిన పెసర్ల అంచు మీదుగా పోయింది. చిన్న సేటు గద్దె మీద నుంచి లేచి వచ్చి చూశాడు.

"రేపటి సంది సైకిల్ బయటనే పెట్టాలె. అందరివి గోడకు ఉంటయి గద" అన్నాడు. కేక వెయ్యలేదు, మామూలుగానే చెప్పాడు.

ఆయన తల వంచుకుని బస్తా కుడుతూనే ఉన్నాడు. నేను మాత్రం చాట దించి బయటికి చూశాను. బయటి గోడ నుంచి ఆయన కూర్చునే చోటికి ముప్పై అడుగులు ఉంటాయి. అరుగు మీద రైతులు, మధ్యలో హమాలీలు, ఈ పక్క మేం ఆడవాళ్ళం. అందరి ముందు నుంచి ముప్పైసార్లు వంగి, ముప్పైసార్లు లేచి రావాలి. చిన్న సేటుకు ఇది తెలియదు. ఆయన నిలబడి ఉండగా సేటు చూసింది సైకిల్‌తోనే, లేకుంటే కూర్చుని ఉండగానే.

ఇంటికి వచ్చాక, "ఇగ నేను పోను" అన్నాడు.

"పోకుంటె ఏం జేస్తవ్?"

"ఇంట్ల కూసొని కుడుత."

"ఇంట్లకు బస్తాలు ఎవలు మోసుకొస్తరు, నీ అత్తనా?"

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. సేటుకు ఒక్క మాట చెప్తే అయిపోతుంది కదా అన్నాను. ఆయన నా వైపు తిరిగాడు. "నా కాలు సంగతి ఆయనతోని అన్నవనుకో, నీతోని మాట్లాడ. చెప్తున్న" అన్నాడు. ఆయన అన్నాడంటే చేసే మనిషి. జాలిపడి లోపల పెట్టుకోనిస్తే అది ఆయనకు వద్దు. పని ఆయనకు కావాలి, ఆ దబ్బనం కావాలి, కానీ వంగకుండా పోవాలి.

రెండు రోజులు నేనొక్కదాన్నే పోయాను. సేటు అడిగితే జ్వరం అని చెప్పాను. అబద్ధం కాదు, జ్వరం నిజమే, ముప్పై ఏళ్ళ కిందటిది. కుట్టని బస్తాలు మూతులు తెరుచుకుని గోడ పొడుగునా కూర్చున్నాయి. ఇంట్లో ఆయన కూడా అట్లాగే కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున నేనే సైకిల్ బయటికి తీశాను. "గడప దాక వస్తె చాలు. గడప తర్వాతది నేను జూస్కుంట" అన్నాను. నోరు తెరవవు కదా అన్నాడు. కాలు మాట ఎత్తను అన్నాను.

గంజికి పోయేసరికి అందరూ ఉన్నారు. గడప ముందు ఆయన సైకిల్ పట్టుకుని ఆగాడు. నేను బొక్కెనలో నీళ్ళు తెచ్చి, పాత గోనె ముక్క తడిపి, గడప లోపలి వైపు గొంతుక్కూర్చుని ముందు చక్రం తుడవడం మొదలుపెట్టాను. కొంచెం తుడవడం, కొంచెం తిప్పడం. హమాలీలు కాంటా ఆపి చూస్తున్నారు. ఒకడు, "ఏం వదినా, సైకిల్‌కు తానమా? తలకు గూడ పొయ్యి" అన్నాడు. నీకు పోస్తా నిలబడు అన్నాను.

చిన్న సేటు వచ్చాడు. "సైకిల్ బయట పెట్టుమన్న గదమ్మా" అన్నాడు.

"బండల మీద మట్టి వద్దన్నరు సేట్. మట్టి తీస్తున్న."

"మట్టి ఒక్కటే గాదు. అందరి సైకిళ్ళు బయట ఉంటె ఇదొక్కటి లోపలెందుకు?"

చేతిలో తడి గోనె, ఎదురుగా చక్రం, పక్కన గడప కింద అందరం విడిచిన చెప్పులు. అది చూసి నోటికి వచ్చింది అనేశాను.

"చెప్పులు బయట ఇడుస్తం సేట్. కాళ్ళు ఇడుస్తమా? కడుక్కొని లోపలికి వస్తం."

అన్నాక తెలిసింది ఏమన్నానో. హమాలీలు నవ్వలేదు, వాళ్ళకు అన్నీ తెలుసు. చిన్న సేటు నన్ను చూశాడు, సైకిల్‌ను చూశాడు. తర్వాత హ్యాండిల్ మీద ఆనుకుని ఉన్న ఆయన చేతిని, కింద నేలకు బొటనవేలు మాత్రమే తాకుతున్న ఎడమ కాలిని చూశాడు. "మా నాన్న నాకు చెప్పలేదు" అనలేదు, "అయ్యో" అనలేదు. అది సేటు మంచితనం. "వెనక చక్రం గూడ మంచిగ తుడువు. పెసర్లు తొక్కకుండ గోడపొంటి తీస్కపొమ్మను" అని గద్దె మీదికి పోయాడు.

ఆయన నిటారుగా లోపలికి నడిచి, సైకిల్ స్టాండు వేసి, దబ్బనం తీశాడు. రెండు రోజుల బస్తాలు మధ్యాహ్నానికల్లా కుట్టేశాడు.

కానీ నాతో మాట్లాడలేదు. సాయంత్రం సైకిల్ మీద నా కోసం ఆగలేదు. రోజూ క్యారియర్ మీద కూర్చుని వచ్చేదాన్ని, ఆరోజు నడిచి వచ్చాను. నేను కాలు మాట ఎత్తలేదు, సైకిల్ గురించే అన్నాను అని చెప్పి చూశాను. గోడకు చెప్పినట్టే. జొన్నరొట్టె పెట్టాను, తిన్నాడు, పడుకున్నాడు.

మర్నాడు గడప దగ్గర ఆగాడు. ఎదురుగా చూస్తూ నిలబడ్డాడు. నేను ముందు చక్రం తుడిచాను. వెనక చక్రం తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను. గోనె ముక్క పిండి, ఆరేసి, మళ్ళీ తడిపాను. నేను లేచి "రా" అంటే కదా ఆయన లోపలికి వచ్చేది. హమాలీలు ఎదురు చూస్తున్నారు, కాంటా మీద బస్తా ఉంది. చాలాసేపటికి గొంతు సవరించుకుని, "తుడిసినవా?" అన్నాడు.

"తుడిసిన. లోపలికి తీస్కరా."

అంతే, అలక అయిపోయింది. పక్కన చెరిగే ఆడవాళ్ళు చాటలు మొహాలకు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆనాటి నుంచి వాన ఉన్నా, ఎండ ఉన్నా, చక్రాలకు మట్టి ఉన్నా లేకపోయినా, అదే అడగడం, అదే చెప్పడం. ఎండాకాలంలో తుడవడానికి ఏముంటుంది, దుమ్ము. అయినా అడిగేవాడు. నేను తుడవకపోయినా "తుడిసిన" అనేదాన్ని కొన్నిసార్లు. ఆయనకూ తెలుసు.

ఆ తర్వాత మంచిగా గడిచాయి మా రోజులు. చిన్న సేటు గడప లోపల ఒక గోనెపట్టా వేయించాడు. తర్వాత తర్వాత తన గొడుగు కూడా, తండ్రి లాగే, ఆ హ్యాండిల్‌కే తగిలించడం నేర్చుకున్నాడు. కొన్నేళ్ళకు స్కూటర్ కొన్నాడు. బయట ఎండకు రంగు పోతుందని దాన్ని దుకాణం లోపలికే తెచ్చి ఆయన సైకిల్ పక్కన పెట్టాడు. బండల మీద నూనె కారింది. నేను చాట ఆపి, "దాని కాళ్ళు ఎవలు తుడుస్తరు సేట్?" అన్నాను. దుకాణమంతా నవ్వింది, సేటు కూడా. గోనె ముక్క ఎక్కడుందో చూపించాను. కూర్చుని తుడుచుకున్నాడు.

ఎనభైలు ఇంకా అయిపోకముందే ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాం. సైకిల్ ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఇద్దరు మనుషులు ఆయనను ఎత్తుకుని దవాఖాన లోపలికి తెచ్చారు కాబట్టి అక్కడ కూడా వంగి నడవలేదు. మూడో రోజు పొద్దున కళ్ళు తెరిచి తలుపు వైపు చూశాడు. ఏ గడప కనిపించిందో నాకు తెలుసు. అడిగాడు. చెప్పాను.

అప్పుడు నేను తుడవలేదు. "తుడిసిన" అని చెప్పడమే.

ఇంటికి వచ్చి చూస్తే, వచ్చిన చుట్టాలు కూర్చోవడానికి జాగా కావాలని సైకిల్‌ను బయట గోడకు నిలబెట్టారు. ముసురు పట్టి చక్రాలకు ఎర్రమట్టి గట్టిపడి ఉంది. పదకొండో రోజు అయ్యాక, అందరూ పోయాక, బొక్కెనలో నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. ముందు చక్రం, వెనక చక్రం, మడ్‌గార్డు లోపల కూడా. తుడిచాక లోపలికి తెచ్చి, ఆయన మంచం ఉండే చోట నిలబెట్టాను. ఆ ఇల్లు మారింది, ఈ ఇంటికి వచ్చాను, సైకిల్ ఈ ఇంట్లో కూడా లోపలే ఉంది. సీటు తోలులో దబ్బనం గుచ్చిన చిల్లులు ఉన్నాయి, చెయ్యి పెట్టి చూడు బిడ్డా.

చాలు. ఇగ కలం పక్కకు పెట్టి, మొదటి నుంచి జర చదివి వినిపించు. ఆయన అడిగింది ముందు రాసినవా, నేను చెప్పింది రాసినవా, వినాలె. గట్టిగ చదువు.