బ్రెమెన్‌కు తోలిన ఇల్లు

2021 జూన్ 12, శనివారం, ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు వోల్ఫ్స్‌బర్గ్‌లో మా ఇంటి ముందు పీట వేసుకుని ట్రక్కెక్కాను. అది లేకపోతే ఎక్కలేను. మా అబ్బాయి స్నేహితుడు అమెరికా నుంచి తెప్పించుకున్న ఆ బండిని ఇంకో జానెడు ఎత్తు లేపించాడు, ఎందుకో అతనికే తెలియాలి. దాని వెనక అతనిదే ట్రైలర్: మంచం, పొయ్యి, స్నానాలగది ఉన్న పూర్తి ఇల్లు. బండి తోకకు తగిలించే రకం కాదు. దాని ముక్కు ట్రక్కు తొట్టి మధ్యలోని ఇనుప పళ్ళెం మీద కూర్చుని, కొక్కెంలో బిగుసుకోవాలి.

బ్రెమెన్‌లో మా చెల్లెలికి ఆ రోజు డెబ్భై నిండుతాయి. ఊపిరితిత్తుల జబ్బు మనిషి. కరోనా మొదలైనప్పటి నుంచి ఎవరినీ గడప తొక్కనివ్వలేదు. పదహారు నెలలుగా మేమిద్దరం ఒక గిన్నెలోది తినలేదు. తన ఇంట్లోకి రానివ్వకపోతే మన ఇల్లే దాని గేటు ముందుకు తోలుకెళ్దాం అన్నాను మా అబ్బాయితో. ఒంటిగంటకు భోజనం అని మాటిచ్చాను.

తోలేది నేనే. అంత బరువు లాగడానికి మా అబ్బాయి లైసెన్సు చాలదు. 1973లో నేను తీసుకున్న పాత మూడో తరగతి లైసెన్సు చాలుతుంది. నాకు డెబ్భై నాలుగేళ్ళు. ఆ లైసెన్సు చాలుతుందని తెలిసిన రోజు వంటింట్లో ఒక్కదాన్నే ఈల వేశాను.

ఇక్కడి సూర్యోదయం బట్టి లెక్కేస్తే తొమ్మిది గంటల ఎనిమిది నిమిషాలకు రాహుకాలం. కొబ్బరికాయ కొట్టించాను. ఎనిమిది చక్రాల కింద ఎనిమిది నిమ్మకాయలు పెట్టించాను.

"లాకయిందమ్మా, పోనీ," అన్నాడు అబ్బాయి.

పోనిచ్చాను. నిమ్మకాయలు పటపట నలిగాయి. అద్దంలో చూస్తే ట్రైలర్ ఉన్నచోటే ఉంది.

"ఆపు! ఆపమ్మా! స్టాప్!"

దిగి చూశాను. ట్రక్కు కింద నాలుగూ పిప్పి అయ్యాయి. ట్రైలర్ కింద నాలుగూ చెక్కుచెదరలేదు. కొక్కెం పడలేదన్నమాట. తొందరలో వాడు ట్రైలర్ కాళ్ళు ఎత్తడం కూడా మరిచిపోయాడు. అందుకే అది ముక్కు నేలకు కొట్టుకోకుండా నిలబడింది.

"కొక్కెం చూసుకోవద్దుట్రా?"

"రాహుకాలం రాహుకాలం అని ప్రాణం తీసింది నువ్వు కాదూ! నా చెక్‌లిస్ట్ ఇంకా సగంలోనే ఉంది."

"అందులో నిమ్మకాయలున్నాయా?"

"లేవు."

"రాసుకో. ఎనిమిదీ నలిగితేనే బయల్దేరాలి."

నవ్వాపుకోలేక ఇద్దరం చెరో చక్రానికి ఆనుకుని కూలబడ్డాం. మళ్ళీ వెనక్కి పోనిచ్చాను. ఈసారి ఠంగుమంది. తొమ్మిదీ ఆరుకు మిగిలిన నాలుగూ నలిగాయి.

ఆటోబాన్ అనే ఇక్కడి పెద్దరోడ్డు మీద మాకు గంటకు ఎనభై కిలోమీటర్లు దాటకూడదు. దాటలేదు. పైనుంచి చూస్తే పెద్ద పెద్ద కార్ల నడినెత్తులు కనిపించాయి. లారీల వాళ్ళు చెయ్యూపితే నేనూ ఊపాను. ట్రక్కు ఎత్తు ఎక్కువవడంతో వెనక ఇల్లు ముక్కు ఆకాశానికెత్తి, తోక దించి, పందెంకోడిలా వస్తోంది.

"అమ్మా, పాట ఆపి రోడ్డు చూడు."

"రెండూ చేస్తున్నాను."

పన్నెండూ ఇరవైకి చెల్లెలి వీధిలోకి తిరిగాం. నెత్తిమీద ఏదో ఫెళ్ళుమంది. మాస్కు పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ చెల్లెలు రెండు చేతులూ తలమీద పెట్టుకుంది.

"ఇదేంటక్కా! వీధంతా నువ్వే ఉన్నావ్! నా ప్లమ్ చెట్టు!"

"చెట్టు సంగతి తర్వాత. మా ఇంటికి భోజనానికి రా."

తలుపు తీస్తే సామానంతా తోకలోకి జారి ఉంది. ఆవకాయ జాడీ పరుపు మీద పడుకుంది. పులిహోర గిన్నె మాత్రం రెండు దిండ్ల మధ్య భద్రంగా కూర్చుంది. దాన్ని బయట గాలాడేలా, ట్రైలర్‌కున్న గుడ్డపందిరి కిందికి తెచ్చాం. చెల్లెలు మాస్కు తీసి, గిన్నెలో చెయ్యి పెట్టి, ఒక ముద్ద తింది.

"ఉప్పు తక్కువైందే అక్కా," అంది. ఇంకో ముద్ద తీసుకుంది.

పోయినవి: కొబ్బరికాయ ఒకటి. నిమ్మకాయలు ఎనిమిది. ఆవకాయ ముప్పావు జాడీ. దుప్పట్లు రెండు. పదహారు నెలలు. ప్లమ్ కొమ్మ ఒకటి, కాయలతో సహా.