కోట తలుపు దగ్గర పిన్ని పెట్టిన నియమం

మా పిన్ని పోయిందని బాబాయి ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను అడిగిన మొదటి మాట, "ఎవరు చెప్పారు బాబాయ్?" అని. కాలేజీ చర్చావేదికల మీద పెరిగినదాన్ని. ఆధారం లేని వార్తను నమ్మే అలవాటు నాకు లేదు. ఆయన, "ఎవరో చెప్పడమేంటి తల్లీ, నా ఎదురుగానే పోయింది. కాఫీ కలుపుతూ కలుపుతూ కూర్చుండిపోయింది" అన్నారు.

ఆమె లెక్కలు చెప్పిన జూనియర్ కాలేజీలో సంతాప సభ పెట్టారు. ఆవిడ ఎవరినీ నొప్పించి ఎరగరని ఒకరు, ఆవిడ నోట కాదన్న మాటే రాదని మరొకరు అన్నారు. పాఠకులు మన్నించాలి, ఈ రెండు వాక్యాలనూ నేను ఖండిస్తున్నాను. ఆమె ప్రతి ఆదివారం, కొవ్వూరులో తన మేడమీది గదిలో, ఒక పద్ధతి ప్రకారం నన్ను నొప్పించేది. "కాదు" అనే మాటను నేను ఆమె నోట విన్నంతగా ఇంకెవరి నోటా వినలేదు.

ఆ గదిలో మేము ఆడినది ఊహాలోకపు సాహసాల ఆట. బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. ఒకరు కథ నడుపుతారు. కోటలూ కాపలావాళ్లూ రాక్షసులూ వారి గొంతులోంచే వస్తారు. తక్కినవాళ్లకు తలా ఒక పాత్ర. ప్రతి పాత్రకూ కొన్ని నేర్పులు, ప్రతి నేర్పుకూ ఒక అంకె. ఏ పనికి పూనుకున్నా ఇరవై ముఖాల పాచిక వేసి, దానికి ఆ అంకె కలిపి, నెగ్గామో లేదో తేలుస్తారు. ఇద్దరు విద్యార్థులు ఈ ఆటను పిన్నికి చూపించారు. ఒకడు శ్రీను, ఆటలో మాంత్రికుడు. రెండోది గంగ, చేపల వ్యాపారం చేసే ఇంటి పిల్ల, ఆటలో తాళాలు తీసే దొంగ. వాళ్లిద్దరూ ఇంటర్ దాటి డిగ్రీకి వచ్చినా ఆదివారాలు మానలేదు. నేను రాజమండ్రి నుంచి వంతెన దాటి వచ్చే రాయబారిని. నా అంకెలన్నీ ఒకే నేర్పులో పోశాను: ఒప్పించడం.

కొన్ని వారాలు నా రాజ్యమే నడిచింది. కాపలావాణ్ణి ఒప్పించాను, రాజును ఒప్పించాను, ఒకసారి ఆకలిమీదున్న రాక్షసిని శాకాహారానికి ఒప్పించాను. ఆ రోజు గంగ ఆవలించి, "మేమెందుకొచ్చామండీ మేడం? చప్పట్లు కొట్టడానికాండి?" అంది.

ఆ మరుసటి ఆదివారం పిన్ని కొత్త నియమం ప్రకటించింది. ఎవరినైనా ఒప్పించాలంటే ముందు వాళ్ల వాదమేమిటో మనమే చెప్పాలి. "అవును, నా మాట అదే" అని వాళ్లు ఒప్పుకున్నాకే పాచిక ముట్టుకోవాలి.

"ఇది పుస్తకంలో లేదు పిన్నీ."

"పుస్తకం రాసినాయన నీతో ఆడలేదు కదే."

శ్రీను పడీపడీ నవ్వాడు. వాడి నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వాడి తాళం తీసే మంత్రం వల్ల గంగ నేర్పు దండగైపోతోందని పిన్ని గమనించింది. ఇకమీదట మంత్రంతో తీసిన తాళం పగిలిపోతుందనీ, ఎవరో దూరారని తెల్లారేసరికి కోటంతటికీ తెలుస్తుందనీ తేల్చింది. గంగ తీస్తే మాత్రం మళ్లీ వేసెయ్యవచ్చు, జాడ ఉండదు. ఏ నియమాన్నీ ఆమె ఒక్కసారిగా ఖాయం చేసేది కాదు. "రూలూ ఆవకాయా ఒకటేనే. కలిపిన రోజునే ఉప్పు సరిపోయిందనేవాళ్లని నమ్మకు. మూడో రోజు తిరగకలిపి చూడాలి" అనేది. నా నియమాన్ని మాత్రం ఎన్నిసార్లు తిరగకలిపినా ఉప్పు తగ్గించలేదు. అది నా ఒక్కదాని కోసమే పెట్టిందేమోనని నాకు అనుమానం మొదలైంది అక్కడే.

కొత్త నియమంతో మొదటి పరీక్ష ఒక కోట తలుపు దగ్గర జరిగింది. పిన్ని వంటింట్లోంచి తెచ్చుకున్న చేటను తన ముందు నిలబెట్టుకుంది. దాని వెనక ఆమె వేసే పాచికలు మాకు కనబడవు. కాపలావాడు తలుపు తియ్యనన్నాడు.

"రాజుగారి ఆజ్ఞకి భయపడుతున్నావు" అన్నాను.

"కాదు" అంది పిన్ని, కాపలావాడి గొంతుతో.

"కొలువు పోతుందని."

"కాదు."

"మమ్మల్ని శత్రువులనుకుంటున్నావు."

"కాదండి రాయబారి గారూ. చూస్తే మంచివాళ్లలాగే ఉన్నారు."

బాబాయి పునుగులు తెచ్చారు, అవి చల్లారిపోయాయి. "మంచివాళ్లలాగే" అన్న మాట పట్టుకుని ఆలోచిస్తే ఎప్పటికో నాకు తట్టింది: వీడు ఇదివరకు ఒకసారి తలుపు తీసి ఉంటాడు. అప్పుడు వచ్చినవాళ్లూ మంచివాళ్లే. ఆ మంచివాళ్లు ఆకలికొద్దీ లోపలివాళ్ల గింజలన్నీ తినేసి ఉంటారు. అదే చెప్పాను. పిన్ని కళ్లు మూసుకుని, "అవును. నా మాట అదే" అంది. పాచిక వేశాను, మంచి అంకె పడింది. చేట వెనక, నాకు పోటీగా, కాపలావాడి పాచిక దొర్లింది. ఒక్క అంకె తేడాతో నేను ఓడిపోయానని చెప్పింది.

"చేట తియ్యి, చూస్తాను."

"తీస్తే రేపట్నుంచి నా కాపలావాడికి ఎవరు భయపడతారే?"

"అంత అర్థం చేసుకున్నా ఓడిపోవడమేంటి?"

"అర్థం చేసుకుంటే గెలుస్తావని నేనెప్పుడన్నాను?"

ఆ అంకె నిజమో కాదో నాకు ఈనాటికీ తెలియదు. పోయినవాళ్ల మీద అనుమానం పాపమంటారు. ఆమె మీద అనుమానం మానేస్తే నేను గుర్తుచేసుకునేది ఆమెను కాదు, సంతాప సభలో దండ వేసి పెట్టిన ఫోటోను.

ఇంతకన్నా పెద్ద అనుమానం ఇంకొకటుంది. ఆ నియమం వచ్చిన కొద్ది రోజులకే మా అమ్మ ఇంట్లో, "ముందు నేనన్నదేంటో నువ్వు చెప్పు, తర్వాత కాదందువుగాని" అనడం మొదలుపెట్టింది. మాట దాదాపు అదే. అక్కచెల్లెళ్లు రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు. ఆట సరిచెయ్యడానికని చెప్పి నా నోరు సరిచేస్తున్నారని తేల్చుకుని పిన్నిని నిలదీశాను.

"మా అమ్మకి నువ్వు నేర్పావా, నీకు మా అమ్మ నేర్పిందా?"

"ఒకే గిన్నెలో తిని పెరిగాం. ఎవరి ముద్ద ఎవరు తిన్నారో ఎలా చెప్పనే?"

మొన్న అదే ప్రశ్న అమ్మను అడిగాను. ఏడ్చింది. కన్నీళ్లను నేను సాక్ష్యంగా తీసుకోను.

ఆ నియమం నన్ను మంచిదాన్ని చేసిందని ఎవరైనా అంటే అదీ ఒప్పుకోను. నన్ను మరింత ప్రమాదకరమైనదాన్ని చేసింది. ప్రత్యర్థి వాదాన్ని ప్రత్యర్థికన్నా బాగా చెప్పి, సభ ఆశ్చర్యపడుతున్నప్పుడే దాన్ని కూల్చడం నేర్చుకున్నాను. అలా ఒక పోటీ గెలిచి, కప్పు పట్టుకుని సరాసరి కొవ్వూరు వెళ్లాను. పిన్ని కప్పును అటూ ఇటూ తిప్పి చూసింది. "మందని ఇస్తే కత్తికి పూసుకున్నావు కదే" అంది. తిట్టిందో మెచ్చుకుందో తేల్చుకోకముందే ప్లేటు నిండా కాజాలు పెట్టింది. అందుకు నేను కృతజ్ఞురాలిని, కాజాలకు మాత్రమే కాదు.

కర్మకాండలన్నీ అయ్యాక ముగ్గురం ఆ గదిలో మళ్లీ కూర్చున్నాం. ఆట ఆపవద్దని బాబాయే కబురు పెట్టారు. కథ తాను నడుపుతానని శ్రీను ఒప్పుకున్నాడు. "కానీ ఒప్పించే రూలు మాత్రం తీసేద్దాం. ప్రతి కాపలావాడి మనసులో ఏముందో మేడంకి తెలుసు. నాకు తెలీదు, నేను నడపలేను" అన్నాడు. న్యాయమైన మాట. ఆ నియమం వచ్చినప్పటినుంచీ నేను పోరాడినదీ దానికోసమే.

"తీసేస్తే నేను రాను" అంది గంగ.

ముగ్గురిలో ఒకరు లేస్తే ఆట లేదు. ఆదివారాలూ ఉండవు. నేను నోరు తెరిచేలోపే గంగ నా వైపు తిరిగింది. "ముందు నేనెందుకు వద్దంటున్నానో చెప్పు."

"పిన్ని గుర్తుగా ఉండాలని."

"కాదు."

"రూలు లేకపోతే మళ్లీ నేనే మాట్లాడతాను, నీకు వంతు రాదు."

"అది ఒకప్పుడు. ఇప్పుడు నీ నోరు నేను మూయించగలను."

ఆలోచించాను. ఏదో తెలిసీ తెలియనట్టుంది. కాపలావాణ్ణి మేము పడగొట్టవచ్చు, దాటిపోవచ్చు. కానీ దాటేముందు వాడి మనసులో ఏముందని అడిగే చోటు నాకు తెలిసి ఈ బల్ల ఒక్కటే. గంగకూ ఇంకెక్కడా అలాంటి చోటు లేదేమో. అదే, తడబడుతూ, నా అలవాటుకు విరుద్ధంగా చిన్న గొంతుతో చెప్పాను.

గంగ బల్లను గోటితో గీకింది.

"సగం" అంది. "మిగతా సగం చెప్పు."

పాచికలను డబ్బాలో సర్దుతున్న శ్రీను ఆగిపోయాడు. ఒక్కొక్కటే బయటికి తీసి మళ్లీ బల్లమీద పెట్టసాగాడు.