రాజలింగు పంపని ఉత్తరాలు

రాజలింగుకు కోపం వస్తే ఉత్తరం రాస్తాడు. రాసి పంపడు. కామారెడ్డిలో టైపు మిషన్ మీద పనిచేసిన రోజుల్లో కోపమంతా టకటకా కొట్టి, ఒకసారి చదువుకొని, నాలుగు ముక్కలుగా చింపి చాయ్ తాగడానికి వెళ్లేవాడు. తెలుగు టైపు హయ్యర్ పరీక్ష పాసైన మనిషి. తిట్టులో కూడా ఒత్తు తప్పనివ్వడని పేరు.

2011లో ఆయన పనిచేసే మొక్కజొన్న విత్తనాల కంపెనీ ఎల్లారెడ్డి బ్రాంచికి కంప్యూటర్ ఇచ్చింది. బ్రాంచిలో ఉండేది ఇద్దరే: గుమాస్తా రాజలింగు, ఊడ్చి తుడిచి చాయ్ పెట్టే భూమక్క. బిచ్కుందలో, రామారెడ్డిలో ఇంకో రెండు బ్రాంచీలు. వీటన్నిటికీ కామారెడ్డి ఆఫీసులో కూర్చునే మేనేజరు అరుణజ్యోతి, ఇకమీదట ఏ కబురైనా మెయిల్లోనే అని చెప్పేసింది.

మెయిల్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎడమ పక్కన పెట్టెల వరుస. అందులో 'డ్రాఫ్ట్స్' అని ఒకటి. రాసి పంపనివి దాచుకునే చోటు అదేనని, కంపెనీ కంప్యూటర్లు చూసే జీవన్ ఫోన్‌లో చెప్పాడు. రాజలింగుకు మనసు నిండిపోయింది. లోకంలో తనలాంటి వాళ్లు చాలామందే ఉండాలి, లేకపోతే వాళ్ల కోసం ప్రత్యేకంగా పెట్టె ఎందుకు పెడతారు?

ఆ మధ్యాహ్నమే మొదటిది రాశాడు. "అయ్యా, ఎల్లారెడ్డి బ్రాంచిలో ఫ్యాను తిరుగుతున్నదని మీరు రికార్డులో రాసుకున్నారు. అది తిరగడం లేదు, తిరగాలా వద్దా అని ఆలోచిస్తున్నది." దాచాడు. ప్రాణం హాయిగా ఉంది.

నాలుగో రోజు కొత్త ఫ్యాను వచ్చింది.

ఆ తర్వాతి వారం కుర్చీ గురించి రాశాడు. దానికి మూడు కాళ్లే ఉన్నాయని, నాలుగో కాలి పని తన కాలే చేస్తున్నదని. కొత్త కుర్చీ దిగింది. నీళ్ల ఫిల్టరు గురించి రాస్తే అదీ దిగింది.

"అన్నా, ఏ దేవునికన్న మొక్కుకున్నవా ఏంది?" అంది భూమక్క.

"మొక్కు లేదు, ఏం లేదు. పెద్దోల్లకు నేనంటే జర గౌరవం," అన్నాడు రాజలింగు. ఆ రోజు నుంచి నడక కూడా మారింది.

చేయి అలవాటు పడ్డకొద్దీ ధైర్యం పెరిగి, ఒకరోజు ఏకంగా మేనేజరు మీదనే రాశాడు. "అరుణజ్యోతి మేడం గారికి ఫోన్‌లో మాట్లాడవలసిన అవశ్యకత లేదు. కామారెడ్డిలో కిటికీ తెరిచి మాట్లాడినా ఎల్లారెడ్డికి వినబడుతుంది. కావున గొంతు తగ్గించ ప్రార్థన."

మర్నాడు మళ్లీ చదువుకొని ఆనందిద్దామని తెరిచాడు. ఉత్తరమంతా అలాగే ఉంది, కానీ 'అవశ్యకత' కాస్తా 'ఆవశ్యకత' అయి కూర్చుంది. ఎవరో దీర్ఘం పెట్టారు! రాజలింగు వెంటనే జీవన్‌కు ఫోన్ చేశాడు.

"జీవన్, నా పెట్టెల ఎవలో చెయ్యి పెట్టిన్రు."

అవతల దగ్గు వినబడింది. "రేపొస్త అన్నా," అన్నాడు జీవన్.

జీవన్‌కు నలభై ఏళ్లుంటాయి, ముందు వైపు జుట్టంతా పోయింది. బస్సు దిగి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చొని, 'ఇన్‌బాక్స్' పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కాడు. దాని లోపల ఇంకో 'డ్రాఫ్ట్స్' కనబడింది. ఖాళీగా ఉంది.

"అన్నా, గిది నీది. నువ్వు రాసినయన్ని పైదాంట్ల ఉన్నయి."

"మరి పైది ఎవలది?"

"అందరిది. కంపెనీ ఉత్తరాల చిత్తుప్రతులు అందరు చూసి దిద్దనీకె పెట్టింది."

రాజలింగుకు అర్థం కాలేదు. జీవన్ నిదానంగా చెప్పాడు. "సర్వర్‌ల పెట్టెలు మూడు తీర్లన్నా. నీ సొంతవి, వేరేటోల్లు నిన్ను చూడనిచ్చేవి, కంపెనీల అందరు వాడుకునేవి. ఏవి ఎవలవని అడిగితే సర్వరే చెప్తది. మంచి సాఫ్ట్‌వేర్ ముందుగాల గదే అడుగుతది, అడిగి వేరేవేరేగ చూపెడతది. గీ పాతది అడగలె. అన్నిటిని ఒక్క లైన్ల నిలవెట్టింది. నీ సొంతవి ఇన్‌బాక్స్ లోపల ఉంటయని దానికి ఎర్క లేదు. పైన డ్రాఫ్ట్స్ అని పేరు కనవడంగనె గదే నీదనుకున్నది."

"ఒక్క మాట అడగనీకె దానికేం రోగం? ఇంతకు అందరంటే ఎంతమంది?"

"పదకొండు మంది. బిచ్కుందల అయితే అన్నం తినేటప్పుడు పైకి సదువుతరంట. మహారాష్ట్ర నుంచొచ్చిన హమాలీలకు మరాఠీల గూడ చెప్తరంట."

రాజలింగు మేడం మీద రాసిన ఉత్తరం తెరిపించి, 'ఆవశ్యకత' మీద వేలు పెట్టాడు.

"ఆ దీర్ఘం పెట్టింది ఎవలు?"

"మేడం. ఎమ్మే తెలుగు చదివింది."

రాజలింగు మొహం ఇంకా వాడిపోయింది. అందరూ చదివినందుకు కాదు, తప్పు నిజంగానే తప్పయినందుకు.

జీవన్ కొత్త సాఫ్ట్‌వేర్ వేశాడు. అందులో పెట్టెలు మూడు గుంపులుగా, పైన పేర్లతో విడివిడిగా కనబడ్డాయి. నలభై ఒక్క ఉత్తరాలనూ రాజలింగు సొంత పెట్టెలోకి మార్చి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

నాలుగు రోజులకు ఫోన్ మోగింది. మేడం పేరు చూసి రాజలింగు అలవాటు ప్రకారం ఫోన్‌ను చెవికి జానెడు దూరంలో పట్టుకున్నాడు. ఏమీ వినబడలేదు. దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మేడం, ఇనవడ్తలేదు. జర గట్టిగ మాట్లాడున్రి."

"గొంతు తగ్గించమన్నది మీరే కదా," అంది అరుణజ్యోతి. "కొత్త ఉత్తరం రాలేదేంది రాజలింగు గారూ?"

"మాఫ్ చేయండ్రి మేడం. గా పెట్టె నా సొంతమనుకున్న."

"మంచిపనే అయింది. నేను ఫ్యాను కావాలని రెండేండ్లు రాసిన, హైదరాబాద్ హెడ్డాఫీసోల్లు పట్టించుకోలే. మీ ఉత్తరం వాల్లకు పంపిన, నాలుగు దినాలల్ల వచ్చింది. ఇక్కడ గోదాము రేకులు కారుతున్నయి. మీరే రాయాలె."

రాజలింగు రెండు రోజులు ఆలోచించాడు. జీవన్‌కు చెప్పి, అందరి పెట్టెల గుంపులో తన పేరుతో ఒకటి పెట్టించుకున్నాడు. గోదాము గురించి రాసి అందులో వేశాడు. మర్నాడు పొద్దున్నే భూమక్క వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాదొకటి రాయి అన్నా. ఆఫీసుకు నీళ్ల నల్లా దూరమున్నది. నీళ్లు మోసి మోసి నడుములు పోతున్నయి."

"గౌరవనీయులైన యాజమాన్యమునకు," అని మొదలుపెట్టాడు రాజలింగు.

"గంత మర్యాద ఎందుకు? నేను చెప్పినట్లు రాయి. 'మీరొచ్చి ఒక్క దినం రెండు బిందెలు మోయున్రి' అని రాయి."

ఆయన వద్దన్నాడు, ఆమె కదల్లేదు. చివరికి అలాగే రాశాడు.

గోదాముకు రేకులు రావడానికి మూడు వారాలు పట్టింది. భూమక్క నల్లా రెండో రోజే వచ్చింది.