ఖాదర్ వలి రాసిన ఐదు టెండర్లు

నరసరావుపేటలో రోడ్లూ వంతెనలూ కట్టించే సర్కారు ఆఫీసు ఒకటుండేది. దాని గేటుకి ఎదురుగా, సైకిల్ షాపుకీ కాఫీ హోటలుకీ మధ్య రేకుల పంచలో ఖాదర్ వలి బల్ల. బల్ల మీద రెండు సిరాబుడ్లు, ఒక కొవ్వొత్తి, లక్కముక్క, కాగితాలు ఎగిరిపోకుండా రాతి నంది తల ఒకటి. రాతిబొమ్మలు చెక్కే దుర్గి ఊరి శిల్పి ఎవరో అర్జీ రాయించుకున్నందుకు గుర్తుగా ఇచ్చిపోయాడు. దానికి ఒక చెవి లేదు.

ఖాదర్ వలి చదువు పదో తరగతితో ఆగింది. ఆపింది ఇంగ్లీషు. కానీ ఆయన దస్తూరీ అచ్చుకొట్టినట్టుండేది. తెలుగైనా ఇంగ్లీషైనా అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఒకే వంపు. అర్జీలూ బిల్లుల కాగితాలూ పెళ్లి ఉత్తరాలూ అన్నీ రాసేవాడు. అయినా జనం ఆయన దగ్గరికొచ్చేది దస్తూరీ కోసం కాదు, నోటి కోసం. ఆ నోరు అన్నానికి తెరుచుకునేది, టీకి తెరుచుకునేది, నమాజుకి తెరుచుకునేది. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పడానికి మాత్రం తెరుచుకునేది కాదు.

ఒకసారి పొలం గట్టు తగాదాలో అన్న పెట్టిన అర్జీ, దానికి తమ్ముడిచ్చిన జవాబు, రెండూ ఆయనే రాశాడు. ఆ సంగతి అన్నదమ్ములిద్దరికీ తెలియదు. ఇంకోసారి ఆయన భార్య జుబేదా సొంత అన్న, కూతురి సంబంధం ఖాయం చేస్తూ మగపెళ్లివారికి ఉత్తరం రాయించుకుపోయాడు. నెల తర్వాత పెళ్లిపత్రిక ఇంటికొచ్చింది.

"ఏమండీ, నా మేనకోడలి పెళ్లి నేను పత్రికలో చూసి తెలుసుకోవాలా?" అని జుబేదా అన్నం గిన్నె ఠపీమని కింద పెట్టింది.

"ఉత్తరం మీ అన్నది. చెప్పాల్సింది కూడా మీ అన్నే," అన్నాడు ఖాదర్ వలి. ఆ పూట ఆయన కంచంలో కూర పడలేదు.

ఆ ఆఫీసులో పనులు చేసే కాంట్రాక్టర్లు ఐదుగురు. వాళ్లకి పెద్ద శ్రీమన్నారాయణ. తర్వాత పుల్లారావు, మన్సూర్, త్రికోటేశ్వరరావు, జక్కయ్య. సర్కారు ఒక పనికి ఇంత అవుతుందని అంచనా కట్టి టెండరు పిలిచేది. దానికంటే ఎంత శాతం ఎక్కువకి చేస్తారో, ఎంత తక్కువకి చేస్తారో కవరులో రాసి, లక్క ముద్రేసి పెట్టెలో వెయ్యాలి. ఎవరిది తక్కువైతే వాళ్లకి పని. ఇది రూలు. జరిగేది వేరు. టెండరుకి ముందురోజు ఐదుగురూ కాఫీ హోటల్లో వెనక బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. ఈసారి వంతు ఎవరిదో తేల్చుకునేవాళ్లు. వంతు వచ్చినాయన పద్నాలుగు శాతం ఎక్కువ వేస్తే, మిగతావాళ్లు పదిహేనూ పదిహేడూ ఇరవై వేసి మర్యాద నిలబెట్టేవాళ్లు. దీన్ని రింగు కట్టడం అనేవాళ్లు. అనుమానం రాకుండా ఐదు టెండర్లూ ఐదుగురి చేత రాయించేవాళ్లు. ఒకటి బావమరిది, ఒకటి బళ్లో పంతులు, ఒకటి మిల్లు గుమాస్తా, ఇట్లా. ఒకటి నీలం సిరా అయితే ఒకటి నలుపు. ఏళ్ల తరబడి ఆ ఫైళ్లు చూసి పై అధికారులు సంతోషిస్తూనే ఉన్నారు.

ఎనభై నాలుగులో రింగు తెగింది. కారణం కాంక్రీటు కలిపే మిషను. శ్రీమన్నారాయణ దాన్ని పుల్లారావుకి ఎరువిచ్చాడు. పుల్లారావు పని కాగానే కడగకుండా పంపాడు. లోపల సిమెంటు గడ్డకట్టి రాయైపోయింది.

"మిషను పంపమంటే గుండ్రాయి పంపాడు!" అని శ్రీమన్నారాయణ హోటల్లో అందరి ముందూ అన్నాడు.

"నువ్విచ్చినప్పుడే అది సగం రాయి," అన్నాడు పుల్లారావు.

మాట మీద మాట పెరిగింది. సరిగ్గా ఆ వారమే గురజాల దారిలో ఎర్రవాగు మీద వంతెనకి టెండరు పడింది. వానాకాలం వచ్చిందంటే ఆ వాగు దగ్గర బస్సులు గంటల తరబడి ఆగిపోయేవి. పెద్ద పని. వంతు శ్రీమన్నారాయణది. "వంతూ లేదు గింతూ లేదు. ఎవుడి దమ్ము వాడిది," అని పుల్లారావు లేచిపోయాడు. మిగతా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

ఇప్పుడు ఐదుగురికీ ఒకటే బెంగ పట్టుకుంది. టెండరు ఎవరి చేత రాయించాలి? శ్రీమన్నారాయణ బావమరిదీ పుల్లారావు గుమాస్తా కలిసి సినిమాలకి పోతారు. పంతులుగారికి చెబితే బళ్లో బోర్డు మీద రాసినట్టే. అంకె బయటికి పొక్కకుండా రాసే మనిషి నరసరావుపేట మొత్తం మీద ఒక్కడే కనబడ్డాడు.

టెండరు రోజు పొద్దున ఏడింటికే శ్రీమన్నారాయణ ఖాదర్ వలి ఇంటికొచ్చాడు. బల్ల దగ్గర నలుగురూ చూస్తారని భయం. తలుపు వేయించి, గొంతు తగ్గించి, "ఆరు శాతం తక్కువ," అన్నాడు.

ఖాదర్ వలి కలం ఆగింది. "తక్కువ అన్నారా?"

"అవును వలీ. రాయి. ఆగావేంది?"

ఆయన గడప దాటి పది నిమిషాలు కాలేదు, పుల్లారావు పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. జుబేదా ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కనుంచి ఒంగి దూరాడు. పదకొండు తక్కువ. రాసి ముద్రేశాక, పోయే ముందు మెల్లిగా అడిగాడు: "ఆ పెద్దమనిషి వచ్చాడా? ఎంతేశాడు?"

"చెప్తే, మీది ఆయనకి చెప్పమంటారా?"

"అమ్మో, వద్దు!"

"మరి?"

పుల్లారావు మళ్లీ ఉల్లిపాయల పక్కనుంచే పోయాడు.

మన్సూర్ రిక్షాకి ముందు పరదా కట్టించుకుని వచ్చాడు, తొమ్మిది. త్రికోటేశ్వరరావు ఏమీ మాట్లాడకుండా అంకె చీటీ మీద రాసి చూపించి, ఆ చీటీ నోట్లో వేసుకుని నమిలాడు. పద్దెనిమిది.

ఆఖర్న జక్కయ్య వచ్చాడు. ఆయన తాపీపని నుంచి కాంట్రాక్టరు దాకా ఎదిగిన మనిషి. చదువు లేదు, సంతకం ఒక్కటే వచ్చు. "మా కొండమ్మ పదమూడు అంది సాయిబూ," అన్నాడు. పెళ్లికి ముందు కొండమ్మ సిమెంటు తట్టలు మోసింది. గజం గోడకి ఎన్ని తట్టలు పడతాయో ఆమెకి నోటిలెక్క. "పదమూడుకి చేస్తే మన బువ్వ మనకి మిగుల్తది, అంతకంటే దిగితే వంతెనలో ఇసక తప్ప ఏం మిగల్దు అంది. ఏమంటావ్?"

ఖాదర్ వలికి తెలుసు. పద్దెనిమిది వేసినాయన కవరు అప్పటికే పెట్టెలో పడుంటుంది. కొండమ్మ లెక్క సరైనదే, కానీ ఆ లెక్కకి పని రాదు. నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన గ్లాసెడు నీళ్లు తాగి, "నేనేమీ అనకూడదు జక్కయ్యా," అని పదమూడు రాశాడు. ఆ మధ్యాహ్నం ఆయనకి కడుపునొప్పి. జుబేదా వాము నీళ్లిచ్చి, "లోపల ఏముందో కక్కేస్తే తగ్గుద్ది కదా," అంది. ఆమె అడిగింది అంకెల సంగతే. ఆయన వాము నీళ్లు తాగి పడుకున్నాడు.

నాలుగింటికి పెట్టె తెరిచారు. ఇంజనీరుగారు కుర్చీలో, హెడ్ గుమాస్తా పక్కన నిలబడి, కాంట్రాక్టర్లు ఐదుగురూ గోడ వారగా. గుమాస్తా మొదటి కవరు చించి చదివాడు. "ఆరు శాతం తక్కువ."

"ఎక్కువ అయ్యుంటుంది. సరిగ్గా చూడు," అన్నారు ఇంజనీరుగారు.

"తక్కువేనండీ."

రెండోది పదకొండు తక్కువ. మూడోది తొమ్మిది. పదమూడు. పద్దెనిమిది. ఇంజనీరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన సర్వీసులో ఐదు టెండర్లూ అంచనాకి దిగువన పడటం ఎన్నడూ లేదు. త్రికోటేశ్వరరావు మొహంలో నవ్వు మొదలవుతోంది. అప్పుడు హెడ్ గుమాస్తా కాగితాలన్నీ పక్కపక్కన పరిచి, మొహం ముడిచాడు.

"సార్, తక్కువ అనడానికి ఇంగ్లీషులో బిలో అని రాస్తాం కదా. ఇందులో ఎల్ ఒకటి ఎక్కువ పడింది."

"పడితే పడిందిలే."

"ఐదింటిలోనూ పడింది సార్."

ఇంజనీరుగారు నిఘంటువు తెప్పించారు. ఎల్ ఒకటి ఎక్కువైతే ఆ మాటకి ఎద్దు రంకె వేయడం అని అర్థం ఉంది. ఐదుగురు కాంట్రాక్టర్లు, ఒకే దస్తూరీలో, ఒకే నీలం సిరాతో, అంచనా మీద రంకె వేశారు. ఖాదర్ వలి అంతకుముందు ఆఫీసు బిల్లుల కాగితాలు వందలు రాశాడు గానీ, వాటిలో ఎక్కువ అనే మాటే ఎప్పుడూ రాయాల్సొచ్చింది. తక్కువ అనే మాటతో ఆ బజారులో ఎవరికీ పని పడలేదు.

ఫైలు పైకి పోయింది. నెల తిరక్కుండా పైనుంచి విచారణ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, మాట కరుకు. పాత టెండర్లు పదేళ్లవి ముందేసుకుని చూశాడు. "ఇవీ టెండర్లంటే! ఐదు దస్తూరీలు, ఐదు రకాల సిరాలు. ఎంత పోటీ! ఈ వంతెన దగ్గరికొచ్చేసరికి ఐదుగురూ ఒకటై సర్కారుని మోసం చెయ్యబోయారు."

వరండాలో ఐదుగురూ వరసగా నిలబడి వింటున్నారు. పుల్లారావు ముందుకొచ్చి, "అయ్యా, ఈ ఒక్కసారే మేం నిజంగా..." అని మొదలుపెట్టాడు. మిగతా నలుగురూ ఒకేసారి దగ్గారు. పుల్లారావు ఆగిపోయాడు. ఆ వాక్యం పూర్తిచేస్తే పదేళ్ల ఫైళ్లు కూలిపోతాయని ఆయనకి అప్పుడు తట్టింది.

ఖాదర్ వలిని పిలిపించారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఐదూ నువ్వే రాశావా?"

"నేనేనండీ."

"ఐదుగురూ కూడబలుక్కున్నారని నీకు తెలుసుకదా?"

"కూడబలుక్కునేవాళ్లయితే నా దగ్గరికి రారండీ."

"అంటే? ఇదివరకు కూడబలుక్కునేవాళ్లా?"

ఖాదర్ వలి కిటికీ వంక చూశాడు. "అప్పుడు నేను రాయలేదండీ. రాయని కాగితం గురించి నాకేం తెలుసు?"

"పోనీ, ముందు రాయించుకున్నవాడి అంకె తర్వాతివాడికి చెప్పావా?"

"లేదండీ."

"ఏంటి రుజువు?"

"పద్దెనిమిది పడిందని తెలిస్తే, దాని తర్వాత పదమూడు ఎవరు రాయించుకుంటారండీ?"

అధికారి కలం నిలబెట్టి ఆలోచించాడు. వాదం ఆయనకి నచ్చిందనే హెడ్ గుమాస్తా తర్వాత చెప్పాడు. కానీ విచారణ రూల్లో ఒకే దస్తూరీ అంటే అనుమానం, అనుమానం అంటే రద్దు. వాదానికి చోటు లేదు. టెండరు రద్దు చేసి, మళ్లీ పిలవమని రాసిపోయాడు. ఇకముందు ఎవరి టెండరు వాళ్లే సొంత చేత్తో రాయాలని కింద ఇంకో లైను కూడా రాశాడు.

ఖాదర్ వలి ఇంటికొచ్చి నులకమంచం మీద కూలబడ్డాడు. "నా నోటి మీద ఇన్నేళ్లుగా ఒక్క మాట పడలేదు జుబేదా. ఇవాళ కాగితం మీద అనుమానం అని రాశారు," అన్నాడు.

జుబేదా పక్కన కూర్చుంది. "రాసింది వాళ్లు. ఆ కాగితం వాళ్లది, మీది కాదు కదా," అంది. ఆయన తలెత్తి చూశాడు. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది గానీ, తనదేనని పోల్చుకోలేదు. ఆ పూట ఆమె గుడ్ల కూర చేసింది.

వరండాలో కలిసి నిలబడి, కలిసి తిట్లు తిన్నాక కాంట్రాక్టర్ల కోపాలు చల్లారాయి. పుల్లారావు మిషనుకి కొత్త డ్రమ్ము వేయించి, లారీలో పంపాడు. మర్నాడు ఐదుగురూ హోటల్లో వెనక బల్ల దగ్గరికి చేరారు. త్రికోటేశ్వరరావుకి తర్వాతి రెండు వంతులూ ఇస్తామంటే ఆయనా సరేనన్నాడు. రెండోసారి పెట్టె తెరిస్తే శ్రీమన్నారాయణది పద్నాలుగు ఎక్కువ, మిగతావి ఇంకా పైన. ఐదు దస్తూరీలు, ఐదు సిరాలు, స్పెల్లింగు తప్పు ఒక్కటీ లేదు. పైనుంచి మెచ్చుకుంటూ జాబొచ్చింది, ఈసారి పోటీ ఆరోగ్యంగా ఉందని.

చిక్కంతా జక్కయ్యకి వచ్చింది. సొంత చేత్తో రాయాలన్న రూలు ఆ రెండోసారి ఆయన బావమరిది రాసినా గడిచింది గానీ, ఎల్లకాలం గడవదు. యాభై దాటిన వయసులో ఆయన పలకా బలపం సంచిలో దాచుకుని, సాయంత్రం పూట ఖాదర్ వలి పంచకి రావడం మొదలుపెట్టాడు. కొండమ్మే పంపింది. ఫీజుకి బదులు వారానికో బుట్ట వంకాయలు కూడా పంపేది.

"నా రాత నీకు రాకూడదు," అని ఖాదర్ వలి మొదటిరోజే చెప్పాడు. "నేను కుడివైపు వంచుతా. నువ్వు ఎడమకి వంచు."

జక్కయ్య చేతికి తాపీ అలవాటు. అక్షరాన్ని గీసేవాడు కాదు, పూసేవాడు. పలక మీద 'అ' పెడితే దానికి పునాది, గోడ, పిట్టగోడ అన్నీ కనబడేవి. నాలుగు నెలలకి పేరు రాశాడు, ఆరు నెలలకి ఇంటిపేరుతో రాశాడు. ఆ రోజు పలక తుడవకుండా పైకండువాలో చుట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు. కొండమ్మకి చదవడం రాదు కదా, పలకని చేత్తో పట్టుకుని గోడ నిలువు చూసినట్టు ఒక కన్ను మూసి చూసింది. "కాస్త ఎడమకి ఒరిగిందే," అంది.

"సాయిబు అట్లాగే రాయమన్నాడే," అన్నాడు జక్కయ్య.

వంతెన రెండేళ్లకి పూర్తయింది. దాని మీదుగా బస్సులు తిరిగిన మొదటి వారంలోనే జుబేదా గురజాలలో ఉన్న చెల్లెల్ని చూసొచ్చింది. వంతెన ఎట్లా ఉందని ఖాదర్ వలి అడిగితే, బస్సు ఎక్కడా ఆగలేదని, జనంలో నిలబడే పోయానని, వాగు కనబడనే లేదని చెప్పింది.