వంత అడిగిన ప్రశ్న

ఒకచోట కుదురుగా కూర్చునే గుణం నాకు చిన్నప్పటి నుంచీ లేదు. సాహిత్య ప్రక్రియలు ఎలా పుడతాయో, ఎలా రూపం మార్చుకుంటాయో పరిశోధిస్తానని విశ్వవిద్యాలయంలో చేరాను. నాలుగేళ్లు తిరిగి, సగం రాసిన థీసిస్‌ను అట్టపెట్టెలో పడేసి దుబాయ్ వచ్చేశాను. దుబాయ్ అనడమే గానీ నేనుండేది షార్జాలోని సజ్జాలో. కాంక్రీటు గోడలూ స్లాబులూ పోతపోసి లారీలకెక్కించే యార్డులో సేఫ్టీ అసిస్టెంటును. పొద్దున్నే డ్యూటీకి ముందు కార్మికులకు పది నిమిషాలు జాగ్రత్తలు చెప్పడం, ఎవరికైనా ఏదైనా అయితే రిపోర్టు రాయడం నా పని.

కరోనా మాస్కులు ముఖాల మీది నుంచి జేబుల్లోకి దిగిన వేసవి అది. ఒకరోజు, మధ్యాహ్నపు విరామానికి ఇంకా గంట ఉందనగా, జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక కార్మికుడు ఎండలో కళ్లు తిరిగి పడిపోయాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. యార్డులో తాగునీళ్ల కూలరు చెడిపోయి అప్పటికి పదకొండు రోజులు. ఆ సంగతి నాకు తెలుసు. రోజూ దాని ముందు నుంచే నడిచేవాణ్ణి.

మా ముదీర్, అంటే యార్డు మేనేజరు, నన్ను పిలిచి ఒక్క మాటే అడిగాడు: "పొద్దున టిఫిన్ తిన్నాడా?" లేదు, ఆరోజు టీ మాత్రమే తాగాడు. "ఉదయం ఆహారం తీసుకోకపోవడం వల్ల" అని రిపోర్టులో రాశాను. అబద్ధం రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగినదానికే జవాబు రాయడం నాకు అలవాటైపోయింది, అంతే. ఆ రిపోర్టు ఆధారంగా ఆ మనిషికి వార్నింగు లెటరు వచ్చింది. ఇంకొకటి వస్తే ఇంటికి పంపేస్తారు. రిపోర్టును అతనికి చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నది కూడా నేనే. పక్కనే సాక్షిగా అతని రూమ్మేటు, మా యార్డు కార్పెంటరు, నిలబడి విన్నాడు. విన్నంతసేపూ నా ముఖం కేసే చూశాడు.

ఆ తర్వాత ముదీర్‌కు ఒక ఆలోచన వచ్చింది. హిందీలో చెప్పే జాగ్రత్తలకు మనవాళ్లు తలలూపడమే గానీ వినడం లేదట. "మీ భాషలో మీవాళ్లకు నచ్చేది ఏదైనా చెయ్యి" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. బుర్రకథ! నా థీసిస్‌లో నలభై పేజీలు దాని మీదే. ఇంటింటికీ తిరిగి జంగాలు చెప్పిన కథ, పార్టీల చేతుల్లో పడి ఉద్యమమైంది. పాలకులు దాన్ని నిషేధించారు. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు అదే బుర్రకథతో కుటుంబ నియంత్రణ చెప్పించాయి. అన్నిసార్లు మారినది ఎండదెబ్బ గురించి చెప్పలేకపోతుందా? వారం రోజులు కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతూ, రాస్తూ, చింపుతూ, మళ్లీ రాస్తూ గడిపాను. నిజం చెప్పాలంటే, ఆ రిపోర్టు గుర్తుకు రాకుండా ఉండటానికి నాకొక పని దొరికింది.

కథకుడిగా మా గోదావరి వైపు క్రేన్ ఆపరేటరు కుదిరాడు, మంచి గొంతు. తంబురాకు బదులు పార, డక్కీలకు బదులు ఖాళీ పెయింటు డబ్బాలు. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. వాళ్లలో ఒకడు హాస్యగాడు, మధ్యమధ్యలో కథను ఆపి ప్రశ్నలు వేస్తాడు. ఆ వేషం తనకివ్వమని కార్పెంటరు తనంతట తానే వచ్చాడు. నేను రాసిన జోకులు చదివి మూతి విరిచాడు.

"గివేం జోకులు సార్? పాలు తాగే పిలగాడు గూడ నవ్వడు."

"నవ్వకపోయినా పర్లేదు, రాసింది చెప్పు చాలు" అన్నాను చిరాకుగా.

"సరే తీ, జెప్త."

నలభై పేజీల అధ్యాయంలో హాస్యపు వంత గురించి నేను రాసింది పేజీన్నర. కథ బరువు తగ్గించడానికి ఉంటాడని రాశాను. ఏ మాస్టారూ తప్పు పట్టలేదు.

సెలవు రోజు సాయంత్రం క్యాంపు మెస్ హాలు కిక్కిరిసింది. ముదీర్ ముందు వరుసలో నా పక్కనే కూర్చుని ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. పావుగంట అంతా నేను రాసినట్టే నడిచింది. గంటకోసారి నీళ్లు తాగాలని కథకుడు రాగం తీశాడు.

"తాగుతం గురువా, తాగుతం. నీళ్లేవీ?" అన్నాడు కార్పెంటరు. అది నేను రాయలేదు.

క్రేన్ ఆపరేటరు ఒక్క క్షణం తడబడ్డాడు. "యార్డులో కూలరుంది కదరా!"

"ఉన్నది. గోడకు మా తాత ఫోటో గూడ ఉన్నది. ఆకలైతుందంటె అన్నం పెడతదా?"

హాలు గొల్లుమంది. నాకు మాత్రం గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. వాడు అక్కడితో ఆగలేదు.

"పదకొండు దినాలు ఎండిన కూలరు ముంగట మనోడు పడ్డడు. టిఫిన్ తినక పడ్డడని కాయితం రాసిన్రు. ఒక్క మాట చెప్పు గురువా, గా కాయితం రాసినాయన ఆ దినం కడుపునిండ తిన్నడా?"

ఎవరూ నవ్వలేదు. క్రేన్ ఆపరేటరు పార ఎత్తి "తందాన" అందుకున్నాడు. హాల్లో ఉన్న వందల గొంతులు తందాన తాన అన్నాయి. డబ్బాలు దద్దరిల్లాయి.

"ఏమంటున్నాడు?" అని ముదీర్ నా చెవిలో అడిగాడు.

"జోక్ సార్. నీళ్లు బాగా తాగమంటున్నాడు."

ఆయన హాయిగా నవ్వి చప్పట్లు కొట్టాడు. మర్నాడే పిలిచి, వీడియో కింద ఇంగ్లీషు మాటలు వేసి ఇమ్మన్నాడు, హెడ్డాఫీసుకు పంపాలట.

ఇక నాకు తిండి సయించలేదు. కంప్యూటరు ముందు కూర్చోవడం, ఆ ఒక్క మాట దగ్గర వీడియో ఆపడం, లేచి యార్డంతా తిరిగి రావడం. రెండు రోజులు ఇదే పని. ఉన్నదున్నట్టు రాస్తే కార్పెంటరు ఉద్యోగం ఊడుతుంది. జోకని రాస్తే నేను రెండోసారి అదే పని చేసినట్టు. చివరికి మధ్యాహ్నపు విరామంలో షెడ్డు కింద పడుకున్న అతని దగ్గరికే వెళ్లి, ఏం రాయమంటావని అడిగాను. నాకు భయంగా ఉందని కూడా చెప్పాను.

లేచి కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నా మాట తీసెయ్ సార్. వంతగాడు ఏదో కూసిండు, ఖలాస్."

"తీసేస్తే నువ్వన్నది పోదా?"

"ఏడికి పోతది? మనోళ్లందరు విన్నరు. వీడియోల ఉంటెనేంది, లేకుంటెనేంది? వార్నింగు వచ్చింది నా మాటతోని గాదు, నువ్వు రాసిన కాయితంతోని. అండ్ల రాయి."

"అందులో రాస్తే నన్ను అడుగుతారు."

"అడుగుతరు మరి. అండ్ల వంతగాడుండడు గద సార్."

కోపంగా అనలేదు. అని, తువ్వాలు మడిచి తల కింద పెట్టుకుని మళ్లీ పడుకున్నాడు. నాలుగేళ్ల చదువులో నాకు అందనిదాన్ని అరటిపండు ఒలిచినట్టు ఒలిచి చేతిలో పెట్టాడు. కథలో ఏ మాటైనా అనడానికి హాస్యగాడికి చోటుంది, వెనక తందాన అనేవాళ్లున్నారు. రిపోర్టులో ఉన్నది నా సంతకం ఒక్కటే.

వీడియోలో అతని మాటలున్న చోటు కత్తిరించేశాను. పాత రిపోర్టు తెరిచి, టిఫిన్ మాట కొట్టేసి, అతను పడిపోయిన రోజుకి కూలరు పదకొండు రోజులుగా పనిచేయడం లేదని రాసి, మళ్లీ సంతకం పెట్టి, ముదీర్ బల్ల మీద ఉంచాను. కూర్చోమన్నా కూర్చోలేకపోయాను.

ఆయన రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీశాడు.

"నీకిది ఎవరు చెప్పారు?"

తందాన అనడానికి ఆ గదిలో ఎవరూ లేరు.

"ఎవరూ చెప్పలేదు సార్" అన్నాను. "మొదటిసారి రాసినప్పుడు కూడా నాకు తెలుసు."